ఆరు కాయిళ్ళకు ఆరు రేకులు

మా షెడ్డులో సాయంత్రం నాలుగైందో లేదో ఎవరూ గడియారం చూడరు. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటి టీ బండి వైపు నడిచాడంటే నాలుగైనట్టే. ఆయన వెనకే నేను. నేను పెయింటర్ని. బండ్లకి రంగులేస్తాను, మేస్త్రి కోతలకి ఊఁ కొడతాను. పద్దెనిమిదేళ్ళుగా ఈ రెండు పనులూ కలిపే చేస్తున్నాను.

ఆ రోజు మాత్రం మేస్త్రి కోతల వెనక పెద్ద ఆశే ఉంది. మర్నాడు షెడ్డుకి పసుపురంగు స్పోర్ట్స్ కారు వస్తోంది. దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో మా చిన్న యజమాని ఇంకా తేల్చలేదు. వాళ్ళ నాన్న పోయాక షెడ్డంతా ఆ అమ్మాయే చూసుకుంటోంది. బయటినుంచి ఇంకో మెకానిక్‌ని పిలిపిస్తోందని పొద్దుట్నుంచీ ఒకటే గుసగుసలు. ఆ బండి తన చేతికి రాకపోతే మేస్త్రికి అన్నం సయించదు. అందుకే టీ గ్లాసు చేతికి రాకముందే అందుకున్నాడు.

"ఒరేయ్ రంగులోడా, పసుపు బండి ముట్టుకునే మొనగాడు ఎవడా అని వెతుకుతున్నార్రా మనవాళ్ళు! మూడు నెలల కింద ఎర్ర బండి వచ్చింది, గుర్తుందా? సీట్ల వెనకాల ఇంజను, దానికి ఆరు కాయిళ్ళు. నిప్పురవ్వ పుట్టించేవి అవే, అవి లేకపోతే అది బండి కాదు, ఉత్త ఇనప్పెట్టె. మరి దాన్ని తయారుచేసిన మహానుభావుడు ఏం చేశాడూ, పొగ గొట్టాన్ని తీసుకొచ్చి సరిగ్గా ఆ కాయిళ్ళ కిందే పెట్టాడు, జానెడు దూరంలో! ఇంకేముంది, నెలకో కాయిలు ఆ వేడికి ఎండి పగిలిపోవడం, బండాయన నడిరోడ్డు మీద నిలబడి జుట్టు పీక్కోవడం. నేను ఒక్క చూపు చూశా. అయ్యా, మీ బండికి కొత్త కాయిళ్ళు కాదు, గొడుగులు కావాలీ అన్నా. కాయిలుకీ గొట్టానికీ మధ్య తళతళలాడే రేకొకటి అడ్డం పెడితే వేడి వచ్చిన దారినే పోతుంది, దాన్నే హీట్ షీల్డంటారు. ఆరు రేకులు తెప్పించా. గంటలో ఆరూ బిగించా."

"గంటా?" అన్నాను. "నువ్వు ఆ బండి కిందికి దూరాక నేను రెండు తలుపులకి రంగేసి, ఆరబెట్టి, రెండో పూత కూడా వేశాను కదా!"

"మధ్యలో అడ్డు రాకు. బిగించడం గంటే. మిగతాదంతా ఆ వేడితో కుస్తీ. ఇంజను ఆపి మూడు గంటలైనా గొట్టం కణకణలాడుతూనే ఉంది. పానా పెట్టానా, మైనంలా వంగిపోయింది. ఇంకోటి పెట్టా, అదీ అంతే. పదకొండు పానాలు పోయాయి! ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? ఐసుతో పానాలు పోయించా."

గ్లాసు అందిస్తున్న టీ బండి అక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఐసు పానాలా అన్నయ్యా?"

"పన్నెండో నంబరువి, చెల్లెమ్మా. అది కరిగేలోపు బోల్టు తిరిగిపోవాలి. నాలుగు తిప్పులకి ఒక పానా చొప్పున ఆరోజు ఐసు ఫ్యాక్టరీలో సరుకంతా నాకే సరిపోయింది. చేపలమ్మేవాళ్ళు బుట్టలు పట్టుకుని నా మీదికి దెబ్బలాటకొచ్చారు. సరే, బిగించా. ఇక్కడే ఉంది అసలు కథ. రేకులు వేడిని లోపలికి రానివ్వవు, మరి ఆ వేడి ఎటు పోవాలి? కిందికి పోయింది! నేను బండి తోలుకుపోతుంటే వెనకాల తారు కరిగి గుంతలన్నీ వాటంతటవే పూడుకుపోతున్నాయి. మునిసిపాలిటీ వాళ్ళు దండ పట్టుకుని వెంటపడ్డారు, ఇంకో నాలుగు వీధులు తిప్పండి మేస్త్రిగారూ అని."

"అందుకేనా మన వీధిలో ఇన్ని గుంతలు?" అన్నాను.

"మన వీధికొచ్చేసరికి పెట్రోలు అయిపోయింది, ఏం చెయ్యమంటావ్?"

అప్పుడే చిన్న యజమాని రోడ్డు దాటి వచ్చి బల్ల చివర కూచుంది. అక్క అడక్కుండానే గ్లాసు చేతికిచ్చింది. మేస్త్రి ఆ అమ్మాయిని చూడనట్టే ఉన్నాడు గానీ గొంతు మాత్రం రెండింతలైంది.

"గొట్టం పక్క అంత మంటా, కాయిళ్ళ పక్క చలి! అంత గట్టిగా అడ్డుకున్నాయి నా రేకులు. మర్నాడు మూత తీసి చూస్తే కాయిళ్ళు గడగడా వణుకుతున్నాయి. రవ్వ పుట్టించాల్సినవి తుమ్ములు పుట్టిస్తున్నాయి. మా ఆవిణ్ణి బతిమాలా. పాపం, తెల్లార్లూ కూచుని ఆరు స్వెట్టర్లు అల్లింది, ఒక్కోటీ బొటనవేలంత."

"వదిన నాతో చెప్పలేదే," అంది అక్క.

"దానికి గొప్పలు చెప్పుకోవడం గిట్టదు."

నాకు టీ ముక్కులోకి పోయింది. నేను దగ్గుతుంటే మేస్త్రి వీపు మీద నాలుగు చరిచి, ఆగకుండా చెప్పుకుపోయాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి వేడెక్కేసరికి పొగ! గుప్పుగుప్పుమని నల్లటి పొగ, ముక్కులదిరిపోయే కంపు. ఇంకోడైతే బండి వదిలేసి పరుగు లంకించుకునేవాడు. నేను కదల్లేదు. ఎందుకంటే అది ఇంజన్లో ఏళ్ళ తరబడి పేరుకుపోయిన పాత వేడి. ఇక్కడ మనకి చోటు లేదనుకుని మూటాముల్లే సర్దుకుని పోతోంది. ఆ పొగ పైకెళ్ళి మబ్బై, మూడ్రోజులు వాన! అది చూసి నలభై మంది పెద్దమనుషులు సూటూ బూటూ వేసుకుని వచ్చారు. మేస్త్రిగారూ, ఎండలు మండిపోతున్నాయి, సూర్యుడికి ఒక షీల్డు బిగించాలి, తమరు తప్ప దిక్కు లేదన్నారు. సరేనని కొలతలు తీశా. టేపు చాలక తాడు ముడేసుకున్నా."

"మరి బిగించలేదేం?" అన్నాను.

"బిగించేవాణ్ణే. మా చెల్లెమ్మ గ్లాసులు కడిగి ఎండలో బోర్లిస్తుంది కదా, అవెలా ఆరతాయి? ఆ ఒక్క మాట మీద నలభై మందినీ వెనక్కి పంపించా."

అక్క నవ్వాపుకుంటూ ఆయన గ్లాసులో ఇంకాస్త టీ పోసింది. మేస్త్రి అప్పుడు తిరిగాడు బల్ల చివరకి.

"ఇప్పుడు నువ్వు చెప్పమ్మలూ. సూర్యుడికే కొలత తీసినవాడికి ఆ పసుపు బండి ఒక లెక్కా?"

ఆ అమ్మాయి నవ్వలేదు. గ్లాసు పక్కన పెట్టి, చొక్కా జేబులోంచి అరచేయంత ప్లాస్టిక్ ముక్కొకటి తీసింది. పల్చటి నీలం పొర. ఒక అంచు కాలి ముడుచుకుపోయింది.

"బాబాయ్, దీని మీద ఏం రాసుందో చదువు."

మేస్త్రి దాన్ని దగ్గరగా పట్టుకున్నాడు. తర్వాత దూరంగా. తర్వాత చెయ్యి పూర్తిగా చాపి, తల వెనక్కి వంచి, వెలుతురు వైపు తిప్పాడు. "ఇదా? కంపెనీ వాళ్ళది. పదేళ్ళు గ్యారంటీ అని," అన్నాడు.

అక్క పొయ్యి దగ్గర్నుంచే తొంగి చూసింది. "‘బిగించే ముందు ఈ పొర ఒలిచెయ్యండి’ అనుందన్నయ్యా."

ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. "కొత్త రేకు మీద గీతలు పడకుండా అంటించి పంపిస్తారు దీన్ని. ఆరింటికీ ఒలవలేదు బాబాయ్. కాలింది అదే. పొగ చూశాక వచ్చిన ఆదివారం అన్నీ విప్పి, గీకి, శుభ్రం చేసి మళ్ళీ బిగించా."

ఆ ఆదివారం ఆ అమ్మాయి నా దగ్గర థిన్నర్ సీసా అడిగి తీసుకెళ్ళింది. ఎందుకని నేను అడగలేదు, తను చెప్పలేదు. ఇప్పుడు మేస్త్రి మొహం చూడలేక నేనే అడ్డుపడ్డాను. "హడావిడిలో మర్చిపోయుంటాడమ్మా."

ఆ మాట పట్టుకుని ఆయన బయటపడొచ్చు. బయటపడలేదు.

"మర్చిపోలేదురా," అన్నాడు. "కనపళ్ళేదు."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఏడాదైంది. మూరెడు లోపల ఉన్నదేదీ తేటగా లేదు. వేళ్ళతో తడుముకుంటూ నెట్టుకొస్తున్నా."

"నేనూ మర్చిపోయావనే అనుకున్నా," అంది ఆ అమ్మాయి. "మొన్న నువ్వు పార్టు కాగితం తలకిందులుగా పట్టుకుని తలూపుతుంటే అనుమానమొచ్చింది. ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెబితే ఏం చేస్తావు? కుర్చీ వేసి కూచోబెట్టి గౌరవంగా చూసుకుంటావు. నాకు గౌరవం వద్దమ్మలూ. బండి కావాలి."

"పెట్రోలు గొట్టం పక్కనే ఉంది అక్కడ! అంటుకునుంటే? బండిలో నువ్వే ఉన్నావు కదా! నీకేమన్నా అయితే నేనెవరితో పోట్లాడాలి షెడ్డులో?" అది కోపమో ఏడుపో ఆ అమ్మాయికే తెలిసినట్టు లేదు. ముక్కు ఎగబీల్చి మళ్ళీ అంది, "ఆరు రేకులూ విప్పి చూశాను. ఒక్క బోల్టు వదుల్లేదు, ఒక్కటి బిగువెక్కలేదు. మూడు నెలలైంది, ఒక్క కాయిలు పోలేదు. నీ చేతులకేం కాలేదు బాబాయ్. చత్వారం వచ్చింది, అంతే. అందరికీ వచ్చేదే."

"చత్వారమా? నాకా?"

"నీకే. రేపు పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి. నేనే తీసుకెళ్తున్నా. నోరెత్తకు."

మేస్త్రి చల్లారిన టీని గ్లాసులో ఒకసారి తిప్పాడు. తర్వాత అడగలేక అడగలేక, చిన్న గొంతుతో అడిగాడు. "మరి పసుపు బండి?"

"నీ కళ్ళజోడు వచ్చాకే వస్తుంది. బండాయనకి ఇందాకే ఫోన్ చేసి చెప్పేశా. మా మేస్త్రి ఊళ్ళో లేడు, నాలుగు రోజులాగండి అని."

మేస్త్రి తలెత్తాడు. "ఆగుతానన్నాడా?"

"మీ మేస్త్రే చెయ్యాలి, ఆగుతానన్నాడు."

"ఎక్కడికెళ్ళానని చెప్పావ్?"

ఆ అమ్మాయికి అబద్ధాలాడే అలవాటు లేదు. చెవులు ఎర్రబడ్డాయి. అక్క వైపు చూసి, నా వైపు చూసి, చివరికి నేల చూస్తూ గొణిగింది. "ఎక్కడో రేసు బండి మొరాయిస్తే, అక్కడివాళ్ళంతా చేతులెత్తేస్తే, విమానం పంపి మరీ నిన్ను తీసుకెళ్ళారని చెప్పా."

మేస్త్రి గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపేశాడు. అన్యాయం జరిగినవాడిలా ఆ అమ్మాయి వైపు చూశాడు.

"ఒక్క బండేనా అమ్మలూ?"