నాలుగో నలోంగో

శనివారం మధ్యాహ్నం. యుగాండాలో కికోమా ఊరి చివర, చిత్తడి నేల పక్కన ఒక రేకుల ఇల్లు. ఆరోగ్య కేంద్రంలో మందులిచ్చే లువన్యాగా, అందరూ ముసావో, అంటే వైద్యుడు, అని పిలిచే మనిషి, సైకిలు గోడకానించి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల పొయ్యి దగ్గర నలోంగో ఒక్కతే ఉంది.

"కూర్చోవడానికి రాలేదండీ. గురువారం నేనిచ్చిన పొట్లం ఏది? ముందది చూపించండి."

"చూపిస్తాలే. పొట్లానికి కాళ్ళున్నాయా పారిపోవడానికి? ఆ చాప మీద కూర్చో, ముసావో. టీకి నీళ్ళు పెట్టాను."

"ఎన్ని మింగారు?"

"ఏవి?"

"ఆ మాత్రలే. తెల్లగా, చిన్నగా, మధ్యలో గీత ఉంటుంది."

"నువ్వేగా ఇచ్చావు. నువ్విచ్చినవి పారేస్తానా?"

"అంటే మింగారా?"

"ఒళ్ళంతా ఆ దుమ్మేంటి? ఎక్కడెక్కడ తిరిగావు?"

"నలోంగోల ఇళ్ళన్నీ తిరిగాను. నిన్న చీకటి పడేదాకా, మళ్ళీ ఈరోజు పొద్దున్నుంచీ. కవలల్ని కన్న ప్రతి తల్లినీ నలోంగో, నలోంగో అని పిలుస్తారు, అసలు పేరు ఒక్కరికీ గుర్తుండదు. పిండిమర దగ్గరొకావిడ, చర్చి వెనకొకావిడ, కాఫీ తోటలో ఇంకొకావిడ. మీరు నాలుగో నలోంగో."

"ఆ ముగ్గురూ ఏం పెట్టారు?"

"ఏంటి?"

"తినడానికి."

"ఏమీ తినలేదండీ. నా మాట కాస్త వినండి."

"ఉడికించిన అరటికాయ ఉంది. పల్లీల పులుసు ఉంది. మా ఆయన పోయి ఆరేళ్ళయినా, ఒక్కదానికి వండటం నాకింకా చేతకాలేదు. ఎంత తగ్గించి వండినా ఇద్దరికొస్తుంది."

"తింటాను. మీరు చెప్పాక తింటాను. ఎన్ని మింగారు?"

"నువ్వు తిన్నాక చెబుతాను."

"నలోంగో, ఆ మాత్రలు మీవి కావు."

"అలాగా."

"గురువారం మందులిచ్చే కిటికీ దగ్గర రోగుల నోటుబుక్కుల దొంతర ఉంది కదా. రెండు పుస్తకాల అట్టల మీద 'నలోంగో' అనే ఉంది. డాక్టరు గారు లోపల రాసిన మందుచీటీలో కూడా 'నలోంగో, డెబ్భై ఏళ్ళు'. రెండింట్లోనూ అదే. నేను నలోంగో అని పిలిచాను. మీరొచ్చారు. ఇచ్చేశాను."

"పిలిచావు, వచ్చాను. ఇందులో నా తప్పేముంది?"

"మీది కాదు, నాది. పూర్తి పేరు అడగాలి, వయసడగాలి, ఏ ఊరో అడగాలి. పుస్తకం తెరిచి ఆ మనిషేనా అని చూడాలి, ఇంకేం మందులు వాడుతున్నారో అడగాలి. ఇవన్నీ కాగితం మీద రాసి మందుల గది గోడకి అంటించింది నేనే. ఆ రోజు వరస చూశారుగా, గేటు దాటిపోయింది."

"చూశాను. రెండు గంటలు నిలబడ్డాను. నువ్వు నా మొహం చూసింది ఎంతసేపనుకున్నావు?"

"మీ మందు రక్తపోటుది. మీ చేతికిచ్చింది చక్కెర జబ్బుది, కెవీనా అనే ఆవిడ కోసం రాసింది. ఆ జబ్బు లేనివాళ్ళు అది మింగితే ఒంట్లో ఉన్న కాస్త చక్కెరా పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. ముసలివాళ్ళయితే పడుకున్నవాళ్ళు లేవకపోవచ్చు. అర్థమవుతోందా?"

"పడుకున్నవాళ్ళు లేవకపోతే అది తెలియడానికి ఎన్నాళ్ళు పడుతుంది, ఈ ఇంట్లో?"

"అలా మాట్లాడకండి."

"అడుగుతున్నానంతే. నాలుగు రోజులు పట్టొచ్చు. మేకలు అరిస్తే మూడు."

"నలోంగో. తల తిరిగిందా మీకు?"

"నిన్న కాస్త తిరిగినట్టుంది."

"ఎప్పుడు? తినకముందా, తిన్నాకా? చెమట పట్టిందా?"

"పట్టిందేమో. పట్టిందని చెప్పడానికి పక్కన ఎవరున్నారు?"

"పదండి. రోడ్డు మీద మోటారు సైకిలు వాణ్ణి పిలుస్తాను, ఆరోగ్య కేంద్రానికి వెళ్దాం. ఈలోగా ఈ చక్కెర నోట్లో వేసుకోండి, జేబులో తెచ్చాను."

"ఇటివ్వు, టీలో వేస్తాను. ఇంట్లో చక్కెర అయిపోయి వారమైంది."

"టీలోకి కాదండీ, మీకు."

"నాకూ వేసుకుంటాలే. కూర్చో, ముసావో. నీ చేతులే వణుకుతున్నాయి. నువ్వేమన్నా మింగావా?"

"నవ్వకండి. నిన్నటి నుంచీ నాకు అన్నం దిగలేదు."

"అందుకే తినమంటున్నాను. ఆ గిన్నె దగ్గరికి లాక్కో. పులుసు పోసుకో, సిగ్గుపడకు."

"ఇదిగో, ఒక ముద్ద తిన్నాను. చెప్పండి."

"ఒక్క ముద్దని తిండి అంటారా? ఇంతకీ ఆ కెవీనాకి మందు అందిందా?"

"అందింది. మీ పొట్లం, మీ పుస్తకం ఆవిడ ఇంటికి వెళ్ళాయి. శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ మనవరాలు రెండూ పట్టుకొచ్చింది, ఇంకా ఒక్కటీ మింగలేదు. కొత్తవి ఇచ్చి పంపించాను. ఎవరో ముసలావిడ గుమ్మంలోకి వచ్చి, అది మింగొద్దని చెప్పి వెళ్ళిపోయిందట. ఎవరో వాళ్ళకీ తెలియదు. ఆ ఇంట్లో పదిహేను మంది, ఎవరు వచ్చారో ఎవరు పోయారో."

"పదిహేను మందా. అదృష్టవంతురాలు."

"ఇదిగో మీ పుస్తకం. అట్ట మీద నలోంగో అని ఉంది, లోపల మొదటి పేజీ ఖాళీ. ఏ ఊరో లేదు, ఎవరి భార్యో లేదు. అందుకే ఇన్ని గుమ్మాలు ఎక్కాల్సొచ్చింది. ఇప్పుడు రాస్తాను. మీ పేరు?"

"నలోంగో."

"అసలు పేరు."

"నా కవలలు తొమ్మిది రోజులే బతికారు, ముసావో. వాస్వా పొద్దున పోయాడు, కాటో సాయంత్రం పోయాడు. ఆ తర్వాత పిల్లలు పుట్టలేదు. ఈ పిలుపు మాత్రం నలభై ఆరేళ్ళుగా నాతోనే ఉంది."

"నాకు తెలియదు."

"ఎలా తెలుస్తుంది? రాసుకో. థియోపిస్టా నకిబూలే."

"థియోపిస్టా నకిబూలే."

"ఇంకోసారి చదువు."

"థియోపిస్టా నకిబూలే. డెబ్భై ఏళ్ళు. కికోమా, చిత్తడి పక్క ఇల్లు."

"బాగుంది. ఆ బుట్ట కింద చూడు, నీ పొట్లం."

"ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. ముప్పై ఇచ్చాను. ముప్పై ఉన్నాయి."

"మరి ఉండవా?"

"తల తిరిగిందన్నారు."

"అన్నాను."

"మింగకుండానే తిరిగిందా?"

"తిరగలేదు. తిరగలేదని గుమ్మంలోనే చెప్పేస్తే సైకిలెక్కేవాడివి."

"నా ప్రాణం పోయినంత పనైంది, నలోంగో."

"అది మాత్రం నాదే తప్పు. ఇంకొంచెం పులుసు వేసుకో."

"ఉండండి. అసలెందుకు మింగలేదు? మీకెలా తెలిసింది?"

"నువ్వు నా చేతికిచ్చిన పుస్తకం మొదటి పేజీలో కెవీనా నబ్బోసా అని ఉంది. నేను కెవీనాని కాదుగా."

"మీకు చదువొచ్చా? రిజిస్టర్లో వేలిముద్ర వేశారు."

"నువ్వు సిరా బిళ్ళ ముందుకు తోశావు, వేలు పెట్టాను. వచ్చా అని అడిగావా? రెండేళ్ళ నుంచీ చర్చి పంచలో పెద్దవాళ్ళకి అక్షరాలు చెబుతున్నారు. ఇంటికొచ్చాక చదవడానికి ఏమీ ఉండదు. ఉప్పు పొట్లం మీదిదీ చదువుతాను, సబ్బు కాగితం మీదిదీ చదువుతాను. ఆ పుస్తకం ఇవ్వగానే, ఆ కిటికీ పక్కనే నిలబడి చదివాను."

"అయితే కెవీనా ఇంటికెళ్ళి మింగొద్దని చెప్పింది..."

"నేనే. ఊరు ఆ పుస్తకంలోనే ఉందిగా. తెల్లారగానే బయల్దేరి వెళ్ళాను. మోకాళ్ళు ఇంకా నొప్పిగానే ఉన్నాయి."

"అంత దూరం నడిచినావిడ గురువారం కిటికీ దగ్గరే ఆ మాట అని ఉంటే సరిపోయేది. అక్కడికక్కడే మార్చి ఇచ్చేవాణ్ణి కదా."

"మార్చేవాడివి, ముసావో. కిటికీలోంచి చెయ్యి చాపి పొట్లం మార్చి, 'తర్వాత ఎవరు?' అనేవాడివి. తప్పు నా ఇంటికి వచ్చేస్తే, దాని వెనకాలే నువ్వూ వస్తావనుకున్నాను."