నాలుగో అంతస్తులో గడప

యాంగోన్, పోలీసు స్టేషను. 21 నవంబర్ 2024, గురువారం. ఉదయం 9 గంటల 20 నిమిషాలకు మొదలైనది. చెప్పినది తెలుగులో. విని రాసినది, బర్మా భాషలోకి మార్చి ఆఫీసరు గారికి వినిపించినది చార్లెస్ మాస్టారు.

ఆఫీసరు గారి ఆరోగ్యం బాగుందా అని ముందు అడిగాను. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్ర చాలినట్టు లేదు. బాగుందన్నారు. తలుపు దగ్గర నిలబడిన పోలీసమ్మాయికి దగ్గు తగ్గిందా అని అడిగాను. పోయిన వారం నేను సూరితో వచ్చినప్పుడు బాగా దగ్గుతోంది. తగ్గిందని చెప్పింది. చార్లెస్ మాస్టారి మోకాలు ఎలా ఉందని అడిగాను. ఇవన్నీ వాంగ్మూలంలో అక్కరలేదని మాస్టారు అన్నారు. నేను ఏది అంటే అది రాయమని ఆఫీసరు గారు చెప్పారు. ఆ తరువాత మా కింది ఇంటావిడ డో ఖిన్ ఏ గారి భుజం ఎలా ఉందని అడిగాను. నేను అడగాలనుకున్నది అదే. ముందుగా అదొక్కటీ అడగడానికి నోరు రాలేదు. ఆమె ఇంకా ఆసుపత్రిలోనే ఉంది, ఎముక అతుక్కుంటోంది అన్నారు.

నా పేరు చిన్నమ్మి. కీర్తిశేషులు వెంకటరాజు గారి భార్యను. వయస్సు డెబ్బై ఒకటి. పుట్టింది ఇక్కడే, సేక్కాన్ రేవు దగ్గర. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడ ఎక్కి మూటలు మోయడానికి వచ్చాడు. నేను తెలుగు బడిలో మూడో తరగతి వరకు చదివాను. బర్మా మాట వచ్చు, రాత రాదు. గోదాముల్లో గోనె సంచులు కుట్టేదాన్ని. చూపు తగ్గాక మానేశాను. కొడుకు సూరి, కోడలు రాధారాణితో కలిసి బోటాటౌంగ్‌లో సర్కారు కట్టిన మేడలో నాలుగో అంతస్తులో ఉంటున్నాను.

మా గుమ్మం దగ్గర నేల తవ్వించింది తానేనని సూరి ఈ నెల పన్నెండో తారీకున ఈ గదిలోనే చెప్పి సంతకం చేశాడు. అది నిజం కాదు. తవ్వించింది నేను. వాడికి తెలియదు. వాడు సంతకం చేస్తున్నప్పుడు నేను ఆ బల్ల మీదే కూర్చుని ఉన్నాను. "అమ్మా, నువ్వు నోరెత్తకు" అని వాడు నా చెయ్యి నొక్కి పట్టుకున్నాడు. నేను నోరెత్తలేదు. తొమ్మిది రోజులైంది. ఆ సంతకం అలాగే ఉంటే వాడికి శిక్ష పడుతుందని, రేవు యార్డులో ఉద్యోగం పోతుందని, ఇల్లు కూడా పోవచ్చని తెలిసింది. అందుకే వచ్చాను. మిగిలినది ఆఫీసరు గారు అడిగినందుకు వరసగా చెబుతున్నాను.

పెళ్లయిన నాటి నుంచి ముప్పై ఆరేళ్లు మేము రేవు కూలీల క్వార్టర్సులో ఉన్నాం. ఆ గదికి టేకు గడప ఉండేది. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి బొట్టు పెట్టాను. మా ఆయన రిటైరైన మూడో నెలలో ఖాళీ చేయమన్నారు. సామాను దించుతుంటే గుమస్తా వచ్చి, గడప మీద ఉన్న ఆ పసుపు మరక తుడిచి ఇవ్వాలన్నాడు. కొబ్బరి పీచుతో తోమాను. పోలేదు. మా ఆయన గొంతుకూర్చుని కాసేపు తోమారు. అయినా పోలేదు. ఆ తరువాత నాలుగు అద్దె గదులు మారాం. ఆయన నాలుగో దానిలో పోయారు.

ఈ సంవత్సరం మే నెలలో సూరి ఈ ఫ్లాటు కొన్నాడు. నా చేతి గాజులు కూడా అందులో కలిశాయి. కాగితాలు బర్మాలో ఉన్నాయి. చూశాను కానీ నాకు ఏమీ తెలియలేదు. అందుకని వాడిని అడిగాను.

"ఇది మనదేనేటిరా?" అన్నాను.

"మనదే అమ్మా."

"ఎవలూ ఖాళీ సెయ్యమనరు కదా?"

"ఎవలంటారు? తాళంసెవి నీ కొంగుకే కట్టుకో. నీకు తెలవకుండా నాను కూడా లోపలికి రాను, సరేనా?"

ఇలా మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ మనదే అన్నాడు. ఎన్నేళ్లకు అని మాత్రం నేను అడగలేదు. ఇంటికి ఏళ్లు ఉంటాయని నాకు తెలియదు.

మే 26 ఆదివారం పాలు పొంగించి దిగాం. ఆ గుమ్మానికి గడప లేదు. బయటి వరండా, లోపలి గది ఒకే మట్టంలో ఉన్నాయి. ఊడిస్తే దుమ్ము అటూ పోతుంది, ఇటూ వస్తుంది. ఇల్లు ఎక్కడ మొదలైందో తెలియదు. శుక్రవారం వస్తే ఏం చేయాలో తోచక గచ్చు పలకల మీదే పసుపు రాశాను. రాధారాణి చౌక్తడాలో ఒక ఆఫీసులో పని చేస్తుంది. హడావుడిగా పోతూ అది తొక్కింది. పసుపు అడుగులు మూడో అంతస్తు దాకా దిగాయి. "అత్తా, ఈ మెట్లకి పెళ్లి సేసేసినావు. ఇంక పప్పన్నం ఎట్టేయ్" అంది. డో ఖిన్ ఏ మూడో అంతస్తులో, సరిగ్గా మా కింది ఇంట్లో ఉంటుంది. ఆమె గుడ్డ తెచ్చి మెట్లు తుడిచింది.

ఆఫీసరు గారు గడప ఎందుకని అడిగారు. మా వాళ్లు అద్దె ఇంటికి గడప ఎత్తరు. అది ఇల్లు గలవాళ్ల పని. సొంత ఇంటికి మాత్రం ముహూర్తం పెట్టి, కింద నవధాన్యాలు, రాగి బిళ్ల వేసి గడప ఎత్తుతారు. అది ఎత్తకపోతే ఆ ఇంట్లో చుట్టపు చూపుగా ఉన్నట్టే. జూన్‌లో సూరికి డెంగీ జ్వరం వచ్చింది. జూలైలో లిఫ్టు చెడింది. ఆగస్టులో రాధారాణి గొడుగు బస్సులో పోయింది. ఏది జరిగినా గడప లేకపోవడం వల్లేనని నాకు అనిపించేది. గొడుగు సంగతి కూడా రాయమన్నాను, ఎందుకంటే నేను దానికి కూడా ఏడ్చాను.

సెప్టెంబరులో సూరితో ఒకసారి అన్నాను.

"గడప ఎత్తిద్దాం రా."

"వద్దమ్మా. మేడలకి గడపలేటి?"

"ఎందుకొద్దు?"

"వద్దంతే" అని తువ్వాలు తీసుకుని స్నానానికి పోయాడు. కాగితంలో ఏముందో వాడు ఆ రోజు చెప్పేవాడేమో, నేను ఇంకొక్కసారి అడిగి ఉంటే. వాడు స్నానం చేసి వచ్చేసరికి నేను అన్నం వడ్డించాను. మళ్లీ అడగలేదు.

నవంబరు 8, శుక్రవారం, కార్తీక మాసం. ముహూర్తం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు. సూరి ఏడున్నరకు, రాధారాణి ఎనిమిదికి పనికి వెళ్లారు. వాళ్లకు చెప్పకుండా తాపీమేస్త్రి అచ్చెన్నను తొమ్మిదిన్నరకు రమ్మన్నాను. మా ఆయనకు వరసకు తమ్ముడు. పాత తలుపులు అమ్మే కొట్టు నుంచి టేకు చెక్క ముందురోజే తెప్పించి మంచం కింద దాచాను. అచ్చెన్న గచ్చు కోసే మిషను తెచ్చాడు. ఆ రోజు మా వీధికి కరెంటు ఒంటిగంటకు గాని రాదు.

"మిషను నడవదు వదినా. ఒంటిగంట దాకా కూకుందాం. మిషనైతే ఎన్నపూసలాగ కోసేత్తాది" అన్నాడు.

"ముహూర్తం కూకోదు అచ్చెన్నా."

"ఉలి, సుత్తి ఎడితే స్లాబు అదిరిపోద్ది. కింద మనుసులున్నారు."

"రెండంగుళాలే కదా."

"సూరికి సెప్పినావా?"

"సెప్పాను" అన్నాను.

చెప్పలేదు. ఈ అబద్ధం నాదే.

పది గంటల ముప్పై రెండు నిమిషాలకు ఉలి స్లాబులో ఉన్న ఇనుప చువ్వకు తగిలింది. ఆ చప్పుడు వేరుగా ఉంది. అచ్చెన్న సుత్తి కింద పెట్టి నా ముఖం చూశాడు. "సువ్వ వదినా. ఆపీనా?" అన్నాడు. నేను గడియారం చూశాను. అందుకే నిమిషాలతో సహా చెప్పగలుగుతున్నాను. అప్పుడు నేను చూడవలసింది గడియారం కాదు. ఆపొద్దన్నాను. ఒక చువ్వ తెగింది. పది నలభైకి గడప దిగింది. అచ్చెన్న మీద నేరం రాయవద్దని కోరుతున్నాను. అతను ఆపనా అని అడిగాడు. నేను ఆపొద్దన్నాను.

సాయంత్రం ఆరు గంటలకు సూరి వచ్చాడు. గుమ్మం చూసి చెప్పులు విప్పకుండా బయటే నిలబడిపోయాడు. "అమ్మా, ఏటి సేసినావు" అన్నాడు. గట్టిగా అనలేదు. తరువాత కాలు బాగా ఎత్తి గడప దాటి వచ్చాడు. సంతోషం పట్టలేక అలా అన్నాడనుకున్నాను. పాయసం పెట్టాను. తిన్నాడు.

నవంబరు 10, ఆదివారం, ఉదయం ఆరుంబావు. కింద పెద్ద చప్పుడైంది. డో ఖిన్ ఏ భిక్షువులకు అన్నం వేయడానికి గిన్నె పట్టుకుని తన గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటోంది. పైకప్పు పెచ్చు ఊడి ఆమె ఎడమ భుజం మీద పడింది. మేము దిగేసరికి అన్నం మెట్ల మీద చెదిరి ఉంది. ఆమె దాన్ని కుడిచేత్తో ఎత్తుకుంటోంది. సూరి ఆమెను ఎత్తుకుని మూడు అంతస్తులూ నడిచి దిగాడు. నేను వెనకాల గిన్నె పట్టుకుని దిగాను. ఆ గిన్నె ఇంకా మా ఇంట్లో ఉంది, కడిగి పెట్టాను.

పన్నెండో తారీకు ఉదయం పదకొండింటికి ఇళ్ల ఆఫీసు వాళ్లు వచ్చి కొలతలు తీసుకున్నారు. సూరి దగ్గర ఉన్న కాగితం తీయించి చదివారు. నేల సర్కారుది. ఇల్లు అరవై ఏళ్లకు ఇచ్చినది. ఇరవై ఆరు అయిపోయాయి. అనుమతి లేకుండా గోడ గాని నేల గాని తొలిస్తే రద్దు చేయవచ్చు. నాకు బర్మా మాట వస్తుంది కాబట్టి అంతా అర్థమైంది. వాళ్లు వెళ్లాక, మమ్మల్ని ఇక్కడికి పిలవకముందు, సూరిని అడిగాను.

"మనదే అన్నావు కదరా."

"మనదే అమ్మా. అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు. ఇక్కడ మేడల్లో అందరూ కొనడం ఇలాగే కొంటారు. నేలొక్కటే మనది కాదు."

"నేల మనది కాకపోతే మరి మనం కొన్నదేటి?"

వాడు వేళ్ల మీద లెక్కపెట్టాడు. "ముప్పై నాలుగేళ్లు" అన్నాడు.

సూరికి ఇప్పుడు ముప్పై తొమ్మిది. ముప్పై నాలుగేళ్ల తరువాత డెబ్బై మూడు. ఇప్పటి నాకంటే రెండేళ్లు పెద్దవాడై సామాను దించుకోవాలి. గడువు పొడిగిస్తారులే అని వాడు అంటాడు. ఆ మాట కాగితంలో ఉందా అంటే చెప్పడు.

పధ్నాలుగో తారీకున ఆసుపత్రికి వెళ్లాను. డో ఖిన్ ఏ నన్ను అమా అని, అంటే అక్కా అని పిలుస్తుంది. "సుత్తి చప్పుడు విన్నాను అమా. పైకి వద్దామనుకున్నాను. ఏదో పూజ చేసుకుంటున్నారని ఊరుకున్నాను" అంది. ఆమెది కూడా అలాంటి కాగితమే. నీ ఇల్లు నీదేనంటావా అని అడిగాను. "నాకు అరవై ఆరేళ్లు, పిల్లలు లేరు. ముప్పై నాలుగేళ్లు ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు. కొన్ని నువ్వు తీసుకో" అని నవ్వింది. నవ్వితే భుజం నొప్పి పుట్టి ఆపేసింది. నా మీద ఫిర్యాదు పెట్టమని చెప్పాను. పెట్టనంది. అది నాకు మరీ కష్టంగా ఉంది.

కాగితంలో ఉన్నది ముందే తెలిస్తే నేల తవ్వించేదానివా అని ఆఫీసరు గారు అడిగారు. తవ్వించేదాన్ని కాదు. దిగులుపడేదాన్ని. తినేదాన్ని కాదు, సూరిని తిననిచ్చేదాన్ని కాదు. కానీ గడప ఎత్తేదాన్ని కాదు. అయితే కొడుకు దాచడం వల్లే ఇదంతా జరిగిందా అని అడిగారు. అలా రాయవద్దు. నేను దిగులుపడతానని వాడు దాచాడు. నేను ఇంత దిగులు మనిషిని కాకపోతే మొదటి రోజే చెప్పేవాడు. గొడుగు పోతే ఏడ్చేదానికి ఇల్లు గడువు మీద ఉందని ఎవరు చెబుతారు. కాబట్టి ఇది కూడా నా మీదే రాయండి.

ఆ ఇల్లు మీదేనని ఇప్పుడు అనుకుంటున్నావా అని ఆఫీసరు గారు అడిగారు. నాకు తెలియదు. సూరి మనదే అంటాడు. కాగితం కాదంటుంది. వాడి చేతి సంతకం మాత్రం వాడిది కాదు, అది నేను చేయవలసింది. దాన్ని కొట్టేసి నా వేలిముద్ర తీసుకోమని అడుగుతున్నాను.

సూరి వాంగ్మూలం పక్కన దీన్ని కలిపి పై ఆఫీసుకు పంపుతామని, ఇంజనీరు వచ్చి చూసి చువ్వ అతికించవచ్చునంటే ఇల్లు రద్దు కాకుండా పోవచ్చునని, ఖాయంగా చెప్పలేమని ఆఫీసరు గారు అన్నారు. గడపను వాళ్ల ముందే తీయాలి. మంగళవారం 26వ తారీకున వస్తామన్నారు. మంగళవారం గడప కదపకూడదని చెప్పాను. మాస్టారు ఆ మాట బర్మాలోకి మార్చడానికి ఇష్టపడలేదు. నేనే చెప్పాను. ఆఫీసరు గారు కాగితం మీద తారీకు దిద్దారు. అచ్చెన్నను పిలవను. అడుగున చేతులు పెట్టి నేనే తీస్తాను, బరువైతే సూరి ఒక పక్క పడతాడు. అంతవరకు దాని మీద ఎవరూ కాలు వేయకుండా చూసుకోమన్నారు. గడప మీద మా ఇళ్లలో ఎవరూ కాలు వేయరని చెప్పాను.

పైన రాసినదంతా మాస్టారు నాకు రెండుసార్లు చదివి వినిపించారు. ఎవరూ బెదిరించి చెప్పించలేదు. నిమిషాలతో సహా జరిగింది జరిగినట్టే ఉంది. సంతకం చేయడం వచ్చు, కానీ కాగితం మీది గీత కంటికి ఆననందువల్ల వేలిముద్ర వేస్తున్నాను.

చిన్నమ్మి, ఎడమచేతి బొటనవేలి ముద్ర.
సాక్షి: చార్లెస్ మాస్టారు.

ఇల్లు చూడటానికి వచ్చే రోజు: 27 నవంబర్ 2024, బుధవారం, ఉదయం పది గంటలకు.