నోంగ్ ఖాయ్‌కి ఏ కాలంలో పోవాల

గంగాదేవి అడిగింది ఒక్కటే మాట. రేపు తెల్లారగట్ల మా వీధిలో మిగిలిన బండ్లన్నీ ఒక వరసలో, ఇరాకు మీదుగా ఇండియా చేరే బస్రా దారి పడుతున్నాయి, రామాంజులు గారు జీఎంసీ బండి తీసి మమ్మల్ని ఆ వరసలో కలుపుతారా, లేదా అని.

అది 1990 ఆగస్టు చివర, ఇరాకు సైన్యం కువైట్‌లోకి దిగి నెల కావస్తోంది. బ్నీద్ అల్ గార్ పేటలో మేం కూర్చున్న ఇంటి యజమాని బాబా, ఇంటావిడ మామా, పిల్లల్ని తీసుకుని సెలవులకని లండన్ వెళ్ళి అక్కడే చిక్కుపడ్డారు. ఇంట్లో మిగిలింది డ్రైవరు రామాంజులు గారూ, పనిచేసే గంగాదేవీ. ఇద్దరిదీ కడప వైపు. పక్కింట్లో వంటవాణ్ణి నేను, సీమోనుని. మా ఆవిడ రత్నమణి నర్సు, కడుపుతో ఉంది, నెలలు దగ్గర పడ్డాయి. తను పనిచేసే ఆసుపత్రిలో డాక్టర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మా నలుగురిలో బండి నడపడం వచ్చింది రామాంజులు గారొక్కరికే.

ఆయన గ్లాసులో సులేమానీ టీ ఒక గుక్క తాగారు. పాలపొడి ఎప్పుడో అయిపోయింది.

"పోయేదానికేముంది గంగాదేవీ, ఎప్పుడైనా పోవచ్చు. కానీ దేనికైనా కాలమని ఒకటుంటాది. అది తెలీకుండా బండి తీసేవాడు డ్రైవరే కాదు. నోంగ్ ఖాయ్ సంగతి మీకు చెప్పినానా? చెప్పలేదా? థాయ్‌లాండులో ఉండాది, మెకాంగ్ ఏటి గట్టున. ఇవతల గట్టు థాయ్‌లాండు, అవతల గట్టు లావోసు. పోయినేడు మా బాబావాళ్ళు సెలవులకు పోయింది ఆడికే కదా. పోకముందు బాబా నన్ను పిలిచి, రామా, ఆ ఊరికి ఏ నెలలో పోతే బాగుంటాది అన్యాడు. ఇంతమంది ఉండంగా నన్నే అడిగినాడు. నేనేమన్యా? కండ్లతో చూడకుండా చెప్పను బాబా, మూడు కాలాల్లో మూడు తూర్లు పోయి చూసొచ్చి చెప్తా అన్యా. యల్లా, పో అన్యాడు."

"మూడుసార్లు వెళ్ళారా?" అన్నాను.

"నాలుగో తూరి కూడా పొమ్మన్యాడు. నేనే వద్దంటి. ఇను సీమోనా. ముందు ఎండాకాలం పోయినా. కువైట్ ఎండ తిన్నోన్ని, నాకిదొక లెక్కా అనుకున్యా. ఏట్లో నీళ్ళు అడుగంటినాయి. బీడీకి నిప్పు లేకుంటే లావోసుకు నడిచిపోయి అంటించుకోనొచ్చినా, చెప్పు కూడా తడవలా. ఉండే ఆ కొంచెం నీళ్ళు తెర్లుతాండాయి. ఊర్లో వాళ్ళు పొయ్యి వెలిగించేదే మానేసినారు. నేను టీపొడి గుడ్డలో మూట కట్టి ఏట్లో ముంచితి, ఊరంతా చెంబులు తీసుకోనొచ్చి తాగిపోయిరి. చేపలను చూడాల, గట్టెక్కి హోటలు వరండాలో ఫ్యాను కింద వరసగా పండుకోనుండాయి. నేను పోతాంటే తోక జరిపి దోవ ఇస్తాండాయి."

"చక్కెర ఎవరు వేశారు అన్నయ్యా?" అంది రత్నమణి.

"లావోసోళ్ళు. టీపొడి మనది, చక్కెర వాళ్ళది, అట్ల మాట్లాడుకున్యాం."

రత్నమణి నవ్వింది. అది నవ్వి చాలా రోజులైంది. గంగాదేవి మాత్రం నవ్వలేదు. చాప మీద కూర్చుని ఖుబ్బూస్ రొట్టెల్ని తడిగుడ్డలో చుట్టి మూట కడుతోంది.

"సరే, అది కాలం కాదని వచ్చేసినా. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? వానాకాలం. ఆగస్టు. ఈ తూరి జీఎంసీని ఓడలో తెప్పించుకున్యా, నా బండి లేకుంటే నాకు కాలూ చెయ్యీ ఆడదు. ఏమి వాన అది. ఏరు లేచి హోటలు మూడో అంతస్తుకు వచ్చింది. ఊర్లో వాళ్ళంతా కప్పుల మీదికెక్కి, ఎవురన్నా వస్తారా అని చూస్తాండారు. నేనేం చేసినా? అద్దాలెత్తినా, నాలుగు టైర్లకూ గాలి గట్టిగా పట్టించినా, బండిని ఏట్లోకి దించినా. తేలింది. వైపర్లేసినా. తెడ్లేసినట్టు అటూ ఇటూ నీళ్ళు తోస్తాండాయి."

"ఇంజను తడవలేదాండీ?" అన్నాను.

"తడవొద్దని ముందే చెప్పినా దానికి. అట్ల పోతాంటే ఎనక ఏందో సప్పుడు. అద్దంలో చూస్తే హోటలే, పునాదులతో సహా లేచి కొట్టుకోని వస్తాంది. లోపల జనం హాయిగా నిద్రపోతాండారు. టో చైను తీసి హోటలు వాకిలికి తగిలించి, ఏటికి ఎదురు లాగినా. యాడ లేచిందో ఆడికే తెచ్చి, రివర్సులో ఎనక్కి పెట్టి, పక్కింటి గోడకు గీటు పడకుండా నిలబెట్టినా. తెల్లారి మేనేజరు ఆవులిస్తా లేచొచ్చి, రాత్రి కొంచెం వాన పడినట్టుందే అన్యాడు. నేనేం చెప్పలా. మనకెందుకు గొప్పలు."

"రేపటి సంగతి చెప్పన్నా," అంది గంగాదేవి.

"వస్తాండా, ఆడికే వస్తాండా. ఇంక మిగిలింది చలికాలం. డిసెంబరు. కాలమంటే అదీ. ఏరు బాగా నిండి, నెమ్మదిగా పోతాంది. కానీ పడవలన్నీ ఒకే తూరి బయల్దేరి ఒకదాన్నొకటి గుద్దుకుంటాండాయి. చెప్పేవాడు లేడు. నేను ఏటి నడుమకు పోయి నిలబడి చెయ్యి చూపించినా. పడవలు నిలిచేది కాదు, ఏరే నిలిచిపోయింది. పై నీళ్ళు పైననే, కింది నీళ్ళు కిందనే. అన్నీ దాటినాంక చెయ్యి దించినా, మళ్ళా కదిలింది. రెండు దేశాలోళ్ళూ వచ్చి, సామీ, నువ్వు ఈడనే ఉండిపో, ఏరు నీ మాట ఇంటాది అన్యారు. నా ఇఖామా కాయితం కువైట్‌లో ఉంది, ఈడ ఉండేదానికి కుదరదంటి."

గ్లాసు కింద పెట్టి, మా ముఖాలు ఒక్కొక్కటీ చూశారు.

"అందుకే చెప్పేది. ఎండల్లో వద్దు, వానల్లో వద్దు. ఏ దోవైనా చలికాలమే. ఎడారైతే మరీ. ఈ ఎండల్లో బస్రా దోవ పడితే టైర్లు కరిగి రోడ్డుకు అంటుకుంటాయి. చలి పడనీండి, నేనే ముందుండి తీసుకపోతా."

"చలి పడే వేళకి..." అన్నాను. రత్నమణి పొట్ట వైపు చూశాను.

గంగాదేవి మూట ముడి బిగించి లేచింది.

"అన్నా, నోంగ్ ఖాయ్‌కి పోయింది నేను."

ఆయన గ్లాసు అందుకోబోయి ఆగారు.

"పోయినేడు ఆగస్టులో పిల్లోళ్ళను చూసుకునేదానికి మామా నన్ను తీసకపోయింది. నువ్వు ఈడ చెట్లకు నీళ్ళు పోస్తాంటివి. జీఎంసీ అల్ రాయ్ షెడ్డులో ఇంజను దించి పడుంటే, రోజూ పోయి మెకానిక్కుతో కొట్లాడ్తాంటివి. ఆ ఏరు ఎట్లుంటాదో నీకు చెప్పిందే నేను. హోటలు వాకిట్లోకి నీళ్ళొచ్చినాయని చెప్తే, నువ్వు మూడో అంతస్తు ఎక్కించినావు."

నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. ఆయన చాప అంచు లాగుతూ కూర్చున్నారు.

"అది మంచి కాలమేం కాదన్నా. పొద్దస్తమానం వాన. మామా తిట్టుకుంటా గదిలోనే ఉండె. పిల్లోళ్ళ బడికి సెలవులు అప్పుడే, అందుకే పోయినాం. ఒక సాయంత్రం కొంచెం తెరిపిచ్చింది. చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకోని పడవెక్కినా. నా జన్మలో పడవెక్కింది అదొక్కతూరే. మంచి కాలం వచ్చినాంక పోదామని కూర్చోనుంటే నాకు అది కూడా లేదు. రేపు బండ్లన్నీ కలిసి పోతాండాయి. మళ్ళా ఇట్ల ఎప్పుడు పోతాయో ఎవురికి తెల్సు?"

ఎత్తిపొడుపుగా అనలేదు తను. ఇంట్లో మనిషికి చెప్పినట్టే చెప్పింది. ఆయన గ్లాసు పక్కకి జరిపారు. మాట్లాడినప్పుడు ఆ గొంతు నేను అంతకుముందు విన్నది కాదు.

"మొన్న రొట్టెకు పోయినపుడు చెకింగు కాడ ఒక సోల్జరు తుపాకి కిటికీలోంచి లోపలికి పెట్టినాడు. నవ్వుతానే పెట్టినాడు. నేను హిందీ, ఇండియావాన్ని అని చెప్పేదానికి నాకు నోరు రాలా. వాడు పో పో అంటాండాడు, నా కాలు బ్రేకు మీద నుంచి లేయలా. నాకు భయంగా ఉంది గంగాదేవీ. మీరంతా బండిలో ఉండంగా మళ్ళా అట్లయితే నేనేం చేయాల?"

"భయం మాకు మాత్రం లేదా? నేను నీ పక్కనే కూర్చుంటా. కాలు లేయకుంటే నేను లేపుతా."

రత్నమణి పొట్ట మీద చెయ్యి వేసుకుని, "వీడు కాలం చూసుకుని రాడన్నయ్యా," అంది.

ఆయన లేచి, మేకుకున్న తాళం తీసుకుని బయటికి వెళ్ళారు. నేను నీళ్ళ డబ్బాలు మోసుకుంటూ వెనకే వెళ్ళాను. బానెట్ ఎత్తి రేడియేటర్లో నీళ్ళు పోస్తుంటే సగం నేల మీద పడ్డాయి. నేను చూడనట్టు ఉన్నాను. గంగాదేవి వచ్చి రొట్టెల మూట ముందు సీట్లో తన కాళ్ళ దగ్గర ఉండేట్టు సర్దింది.

గుమ్మంలోంచి రత్నమణి అడిగింది.

"అన్నయ్యా, ఇంతకీ ఆ ఊరికి ఏ కాలంలో వెళ్ళాలి?"

ఆయన వెనక్కి తిరగలేదు. రేడియేటరు మూత బిగిస్తూనే అన్నారు.

"ఆగస్టులోనమ్మా. మా బాబాకు ఆ పొద్దే చెప్పింటి."