అడిగి తీసుకున్న కొమ్మ

పుప్పాలగూడలో కొత్త టవర్ల నీడ పడే ఓ పాత ఇల్లు. ఆదివారం పొద్దున, ఆ ఇంటావిడ మందార చెట్టుకు నీళ్లు పోస్తోంది. ఎదురు టవర్లో ఒక్కడే ఉంటూ ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే కుర్రాడు ఎండిన కొమ్మ పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు.

“అక్కా, ఇది కూడా ఎండిపోయిందండి.”

“మళ్లనా తమ్మీ? కింది ఆకులు తీసేసి నీడల పెట్టినవా?”

“పెట్టానండి. ఇంకో కొమ్మ ఇస్తారా?”

“కొమ్మెందుకు? ఈ డబ్బాల మొక్కనే తీస్కపో. వేర్లు గూడ పట్టినయ్.”

“వద్దండి, కొమ్మ చాలు.”

“అయితే ఈసారి నన్ను పిలవకు. గేటు తీసే ఉంటది, సప్పుడు జేయకుండ తెంపుకపో. దొంగతనంగ తెచ్చిన కొమ్మనే బతుకుతదంటరు.”

“అడిగే తీసుకుంటానక్కా.”

“అడిగితే బతకదయ్యా.”

“పర్లేదండి.”

“పర్లేదంటవేంది? ఏదీ, ఇటియ్యి. దీని కొసకు మన్నే అంటలే. అసలు నాటినవా?”

“మా బాల్కనీలో కుండీ లేదండి.”

“మరి నెల సంది ప్రతి ఐతారం...”

“మీకు పనుందేమో. వెళ్తానండి.”

“ఆగు. ఇగో కొమ్మ, కుండీ గూడ తీస్కపో. వచ్చే ఐతారం ఊకెనే రా తమ్మీ, దీన్ని ఎండబెట్టకు.”