నాలుగో నంబర్ జవాబు

టీ చల్లారిపోతోంది యాసీన్, తాగు. ఆఫీసు మెట్ల మీద నువ్విట్లా ముఖం వేలాడేసుకుని కూర్చుంటే అందరూ నన్నే చూస్తున్నారు. "రహమతున్నీసా ఈసారి ఎవరి కొంప సంగతి చెబుతోందో" అనుకుంటారు. అనుకోనీ.

ముదీర్ తన మేనేజర్ గదిలోకి పిలిచి, రేపట్నుంచి రావద్దు, వీసా క్యాన్సిల్ అంటే తలూపి వచ్చేస్తావా? నోరు లేదా నీకు? అదే మన పక్క సీటు నయీమ్ అయ్యుంటే ఈపాటికి ఆ ఏడుపు షార్జా దాకా వినపడేది. వాడికి జలుబు చేసినా బిల్డింగంతా పరామర్శకు రావాల.

అసలు ఆ తెలివి ఎవరిదబ్బా? "కార్గోలో ఊరికి పంపిన నా పెట్టె ఎక్కడ?" అని మెయిల్ పెట్టేవాళ్ళకు జవాబులన్నీ సర్వర్‌లో పెట్టడం, ఒకరు రాస్తే ఐదుగురూ బటన్ నొక్కి పంపడం! నొక్కినోడి పేరు కింద దానంతటదే పడుతుంది. మనోళ్ళకు తెలుగు జవాబులేమో ఇంగ్లీషు అక్షరాల్లో. మలయాళీ ముదీర్‌కు అర్థం కావు. మీకు అర్థమవుతాయి గానీ మీరు చదివితే కదా!

నాలుగో నంబర్ జవాబులో ఏముండేది? "మీ పెట్టె కస్టమ్స్‌లో ఉంది, దయచేసి ఓపిక పట్టండి." ఏ పెట్టెకైనా సరిపోయే మాట.

నిన్న నువ్వు నొక్కితే ఏం పోయింది? "మీ పెట్టె ఇంకా నడక నేర్చుకుంటోంది. కాళ్ళొచ్చాక అదే ఇల్లు చేరుతుంది."

ఇమామ్ హుస్సేన్ చాచా ఆ మెయిల్ ప్రింటు తీయించి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఖోర్ ఫక్కాన్ నుంచి వచ్చాడు. పెట్టెలో ఏముంది? పక్షవాతమొచ్చిన పెళ్ళాం పట్టుకుని నడిచే స్టాండు. తిట్టినా బాగుండు. "మా ఇంటామె నడవలేదని మీకెట్లా తెలిసింది బాబూ?" అన్నాడు, అంతే.

అదేంటో చదివి చెప్పమని ముదీర్ ఎవర్ని పిలిచాడు? నన్నే. చదివాను. హిందీలో అర్థం కూడా చెప్పాను. కింద పేరెవరిదన్నాడు. యాసీన్ అన్నాను. ఉన్నదే కదా చెప్పాను?

ఏంది, అట్లా చూస్తావు?

సరే. నేనే రాశాను. నయీమ్‌ను నవ్విద్దామని నాలుగో నంబర్ మార్చాను. నా కంప్యూటర్లోనే ఉంటుందనుకున్నా. నమాజుకని లేచాను, తీసెయ్యడం మరిచిపోయాను.

...తెలుసా? కాగితం చూడంగానే తెలిసిందా? మరి ముదీర్ ముందు ఎందుకు చెప్పలేదు? నాకిద్దరు పిల్లలనా? నీకు లేకపోతే నీది ఉద్యోగం కాదా?

ఓరి పిచ్చోడా! పదిమందితో చెప్పుకుని నవ్వడానికి నీ దగ్గర ఒక్క సంగతీ దొరకదు.

సర్వర్‌లో ఉన్న క్షమాపణలన్నీ నేను రాసినవే. చాచాకు పంపుదామని పొద్దున్నుంచి వెతికాను. ఒక్కటీ పనికిరాలేదు.

ఆ టీ ఇట్లా ఇయ్యి, ఒక గుక్క. ముదీర్ లోపలే ఉన్నాడు కదా? చెయ్యి వదులు, పోనీ నన్ను.

రేపు ఈ మెట్ల మీద నేను కూర్చుంటే టీ నువ్వు తేవాల. చక్కెర తక్కువెయ్యమను.