ఒమారి గీత

ఫిలడెల్ఫియాలోని ఆ బడి ఆవరణలో రేపు తారంతా పెకలించి చెట్లు నాటడం మొదలుపెడతారు. పార్కుల సంస్థ తరఫున ఆ పని చూసే అమ్మాయి, నేల మీది పసుపు గీత చుట్టూ తాడు కడుతుంటే వెనక నుంచి ఒకావిడ పలకరించింది.

"ఆ తాడెందుకు తల్లీ?"

"మీ అబ్బాయి ఒమారి గీసిన గీత కదమ్మా. ఈ ముక్క కోయించి, కొత్త చెట్టు కింద పదిలంగా పెట్టిద్దామని."

"ఇంత దూరం ఇంకెవరూ దూకలేదని మా వంటింటి రంగు ఎత్తుకొచ్చి మరీ గీశాడు. ఆ రోజు నా చేత తన్నులు తిన్నాడు."

"అందుకేనమ్మా, దాచాలని..."

"దాచకు. పగలగొట్టించెయ్."

"అదేంటమ్మా!"

"వాడు పోయినప్పట్నుంచీ కంచె అవతల నిలబడి చూస్తున్నా. ఒక్క పిల్లాడూ ఇక్కడ దూకడు. గీత తొక్కకుండా చుట్టు తిరిగి పోతారు. వాడుంటే ఊరుకునేవాడా? దమ్ముంటే దూకండ్రా అని ఏడిపించేవాడు కాదూ?"

అమ్మాయి చేతులు ఆగిపోయాయి. ఆవరణలో ఏమేం ఉండాలో పేటవాళ్ళంతా బొమ్మల మీద చుక్కలు అంటించి ఓట్లేసిన రోజు, లాంగ్‌జంప్ ఇసుక గుంటకి ఒకే ఒక్క చుక్క పడింది.

"ఇసుక గుంటకి ఓటేసింది మీరేనా?"

"నేనే. ఓడిపోయిందిగా."

"ఒక బెంచీ తగ్గించి ఇక్కడే పెట్టిస్తానమ్మా."

"వాడికంటే దూరం ఎవరైనా దూకితే కబురు చెయ్యి. ముందు వాడి బదులు కాసేపు అలుగుతా, తర్వాత చప్పట్లు కొడతా."

"గీత పోయాక వాడి దూరం ఎలా తెలుస్తుంది?"

"నా కాళ్ళకి తెలుసులే. సాయంత్రం బడి ఖాళీ అయ్యాక, వాడు ఎగిరిన చోటి నుంచి ఆ గీత దాకా రోజూ అడుగులు లెక్కపెడుతూ నడిచేదాన్ని."