తారాబాయి తోలుకపోయిన బర్లు

రేపటి సంది బడిబాటనా రుచితా? ఇల్లిల్లు తిరిగి పోరగాళ్ల పేర్లు రాస్కునుడేనా? కూసో బిడ్డా, చాయ్ తాగి పోదువు గని. ఏమంటున్నవ్, మీ మండలంల మొగపోరలు నూటికి నూరుమంది బడిలనే ఉన్నరా? ఉంటరు, ఇప్పుడెందుకుండరు. పొద్దుగాల్నే ఇంటి ముంగటికి బస్సొచ్చి ఎక్కించుకపోతది. మా దినాలల్ల ఇంటి ముంగట బర్రె ఉండేది, దాని ఎనుక మేముంటిమి. నవ్వకు. రుద్రూర్ అవతల మా ఊర్లె బడి ఉండె, సారుండె, గోడకు నల్లబోర్డు గూడ ఉండె. పోరలే లేకుండిరి. జర నడువొస్తె సాలు, సేతుల కట్టె పెట్టి బర్ల కాడికి తోలేటోళ్లు. నేను, ఈ పోశన్న తాత, నాలుగక్షరాలు నేర్సి సెరుకు ఫ్యాక్టరీల ఫిట్టరెట్లయిండని మీ నాయినకు గూడ తెల్వది. గది సర్కారు సెయ్యలె, మా నాయిన సెయ్యలె. తారాబాయి సేసింది. నువ్వు పుట్టకముందే పోయింది తీ, నీకేం యాదుంటది.

తారాబాయంటె కందకుర్తి అవతల, గోదావరి ఆ ఒడ్డు పిల్ల. మరాఠోళ్లు. మా ఊరికి కోడలయి వచ్చింది, మొగడు జెల్దిన సచ్చిపోయిండు, పిల్లలు లేరు. ఇంత చెలక, ఒక్క బర్రె. మనిషి పొడుగు, గోసి పెట్టి సీర కట్టేది, నడిస్తె మొగోళ్లు గూడ అందకపోదురు. మాట్లాడితె తెలుగుల మరాఠీ పడేది. నన్ను సూస్తె, "కాయ్ రే పోశా, తిన్నవా" అనేది. నోరు మాత్రం గట్టిది. ఆ నోటి తోనే ఇరుక్కున్నది ఆమె. ఇరుక్కున్నదంటున్న గని, ఆమెకట్ల అనిపించిందో లేదో నాకు తెల్వది. ఆఁ, ఏం సెప్తున్న... ఆ యేడు ఆత్మారాం సారొచ్చిండు, నిజామాబాద్ నుంచి బదిలీ మీద. మెత్తటి మనిషి. పోరలు లేకుంటె బడి తీసి ఇంకో ఊరికిస్తమని పైనోళ్లు సెప్పిండ్రట ఆయనకు. పాపం, ఊరోళ్లను సావడి కాడ కూసోవెట్టి బతిమిలాడిండు. మా ఊరికి పెద్ద సాయన్న పటేలు. సెడ్డోడని అనను, ఆకలై పోతె అన్నం పెట్టేటోడే. గని తన మాట మీద మాట పడొద్దు. ఆయన మెల్లగ అడిగిండు, "పోరలందరు నీ బడిల కూసుంటె ఊరి బర్లెవ్వలు కాస్తరు సారూ? నువ్వు కాస్తవా?" అని. అందరు నవ్విండ్రు. సారు తల కిందికేసిండు. తారాబాయి అప్పుడే నెత్తి మీద సెరుకాకు మోపు పెట్టుకోని అటు నుంచి పోతున్నది. ఆగింది. మోపు దించలె, మెడ గూడ తిప్పలె. "నేను కాస్త" అన్నది. "బర్లను నాకు తోలుండ్రి, పోరలను సారుకు తోలుండ్రి."

ఇంకింత నవ్విండ్రు. తెల్లారి సూస్తె ఊరి బయట కట్టె పట్టుకోని నిలబడ్డది. ఎవ్వలు తోలలె. పొద్దెక్కెదాంక అట్లనే నిలబడి, తన బర్రెనొక్కదాన్నే కొట్టుకపోయింది. మర్నాడు మళ్ల నిలబడ్డది. మా అవ్వ సూసి సూసి, ఎట్లనన్న కానియ్యి అని మాయి రెండు బర్లను తోలింది. నన్ను బడిల ఏసింది. నా కన్న సిన్నపోరల నడుమ తాటిచెట్టు లెక్క కూసున్న, మస్తు సిగ్గయింది. మాయి మంచిగ మేసి పాలు ఎక్కువ ఇస్తున్నయని తెలిసినంక ఒకరి ఎనుక ఒకరు తోలిండ్రు. వానకాలం పోయేవరకు ఊర్లె పోరలందరు బడిలనే. ఒక్క విష్ణు తప్ప. వాడు పటేలింట్ల జీతగాడు. అవ్వ లేదు, నాయిన లేడు, ఆ ఇంట్లనే బువ్వ, ఆ కొట్టంలనే పండుడు. పటేలు బర్లు వాడే కాసేది, తారాబాయి కాడికి తోలనియ్యకపోతుండె పటేలు. మరి బీట్ల మేత కాడ ఇద్దరు కలుస్తరు కద. ఓ దినం ఆమె పటేలు బర్లను గూడ తన మందల కలుపుకోని, విష్ణుగాని రెక్క పట్టి బడి దిక్కు తోలింది. అట్ల కొన్ని దినాలు నడిసింది. పటేలుకు తెల్వకుంట ఆగుతదా?

ఆ నడుమనే ఒక బర్రె ఆమె పాదం మీద తొక్కింది. కాలు ఉబ్బి నేల మీద పెట్టరాలె. ఇగ అయిపోయింది, మళ్ల కట్టె పట్టాల్నని మేమందరం అనుకున్నం. ఆమె ఏం సేసింది? కాలికి బట్ట సుట్టుకోని బర్రె మీద ఎక్కి కూసోని పోయింది. ఆడమనిషి బర్రె మీద పోతుంటె ఊరంత బయటికొచ్చి సూసింది. ఆ పొద్దే పటేలు బడికొచ్చిండు. విష్ణుగాని బుజం పట్టి బయటికి గుంజిండు. సారు అడ్డమొచ్చి, పటేలా పటేలా అంటున్నడు గని ఇనేదెవ్వలు. అప్పుడే మంద మళ్లింది. ఊర్లెకొచ్చే బాట బడి ముంగటికెల్లే. తారాబాయి బర్రె మీది నుంచి సూసి, మందనంత బడి వాకిట్లకు మలిపింది. పటేలు సుట్టు బర్లే బర్లు, తన బర్లు గూడ. ఆమె కిందికి దిగలె, దిగరాదు గద. "పటేలా, సావడి కాడ ఏమడిగినవు, బర్లెవ్వలు కాస్తరని అడిగినవు" అన్నది. "కాస్తున్న. నీయి గూడ కాస్తున్న. ఇగ పోరనితోటి నీకేం పని?"

పటేలు "కొట్టంల పేడెవ్వలు తీస్తరు?" అన్నడు. ఆమె ఏమంటదో మాకందరికి తెలుసు. ఆయనకు గూడ తెలుసు. ఆమె నోరు తెరుస్తుండంగనే ఆయన విష్ణుగాని బుజం ఇడిసిపెట్టిండు. "అనకు" అన్నడు. "నువ్వంటె సేస్తవు." అని, బర్లను సేతులతోటి తోసుకుంట ఎల్లిపోయిండు. మళ్ల బడి దిక్కు రాలె.

బడి నిలిసింది. ఇంకో సారును గూడ ఇచ్చిండ్రు. విష్ణు కరెంటాఫీసుల లైన్‌మన్ అయిండు, బోధన్ల ఇల్లు కట్టిండు. ఆమె ఒంట్లె బలమున్నన్ని దినాలు బర్లు కాసింది. ఆత్మారాం సారోసారి, నీకు గూడ రెండక్షరాలు నేర్పిస్త తారాబాయీ అంటె, "నాకు తీరికేడిది సారూ" అన్నది. ఆమె పోయిన దినం పటేలే మందిని పిలిచి అన్ని దగ్గరుండి సేయించిండు, అదీ సెప్పాలె.

ఏందీ? ఆడపిల్లలా? మంచిగనే అడిగినవ్. మా సుమిత్రక్క నా కన్న రెండేండ్లు పెద్దది. పగటి పూట నాకు రొట్టె తెచ్చి బడి అరుగు మీద పెట్టి పోయేది. ఓసారి బర్లను తోలుకపోతానికి మా ఇంటికొచ్చి తారాబాయి అడిగింది, గీ పిల్లనెందుకు తోలవు బడికని. మా అవ్వ, "బీడీలెవ్వలు సేస్తరు, సంటోన్నెవ్వలు ఎత్తుకుంటరు" అన్నది. నేను తారాబాయి మొఖం దిక్కే సూస్తున్న, ఏదో అంటదని. ఆమె ఏమనలె. బర్ల ఎనుక ఎల్లిపోయింది. అక్క ఆడనే కూసున్నది, ఒళ్లె సాట పెట్టుకోని. ఆకు సుడుతనే ఉన్నది...

మబ్బు పట్టింది సూడు. ఛత్రి తీస్కోని పో.